పొగ రాని పొగపెట్టె

కాటన్‌వుడ్ క్రాసింగ్, టెక్సాస్
మార్చి నెల, గాలి విసురుగా ఉన్న రోజు

కాన్సస్ సిటీలో మాంసం పొయ్యిలు అమ్మే దుకాణం పెద్దలకు,

మీరెవరో నాకు తెలియదు, అయినా అంతా కుశలమే అనుకుని మొదలుపెడుతున్నాను. నా పేరు లియోనా డీట్రిక్. ముందు మీ దుకాణానికి ఫోనే చేశాను. ఒక గొంతు ఒకటి నొక్కమంది. ఇంకో గొంతు నాలుగు నొక్కమంది. ఆ తర్వాత ఎవరో పాట పెట్టేసి వెళ్ళిపోయారు. ఆ పాట అయ్యేలోగా నేను పొయ్యి మీద పెట్టిన ఆలుగడ్డలు ఉడికి, చల్లారి, తొక్క కూడా తీయించుకున్నాయి. అందుకని ఈ ఉత్తరం.

మా ఆయన ఆర్విల్ పోయి ఏడాదిన్నర అవుతోంది. మా పెరట్లో ఆయన చేతులతో చేసుకున్న పొగపొయ్యి ఒకటి ఉంది. పాత ఆయిల్ గొట్టం కోసి, కాళ్ళు అతికించి చేశాడు. శనివారం వచ్చిందంటే గొడ్డు రొమ్ముముక్క దాంట్లో పెట్టి, ఓక్ దుంగలు ఎగదోస్తూ పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా దాని పక్కనే ఉండేవాడు. నన్ను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. మా కాపురం మొత్తం మీద ఆలుగడ్డ సలాడ్, ఊరవేసిన దోసకాయ, ఉల్లిపాయ నా వాటా. మాంసం ఆయన వాటా.

ఆయన పోయాక మా పెరట్లోకి మనిషి రాలేదు. శనివారాలు గడవడం మహా కష్టంగా ఉంది. నేనే వండితే మళ్ళీ జనం వస్తారని నా ఆశ. అయితే దుంగలు చీల్చే చేతులు నావి కావు, రోజంతా నిప్పుకి కాపలా కాసే మోకాళ్ళూ నావి కావు. చెక్కపొట్టు గుళికలు పోస్తే మంట సంగతి తనే చూసుకునే పెల్లెట్ పొగపెట్టెలు వచ్చాయట కదా. వాటిల్లో నమ్మదగినది ఏదో చెప్పండి. నాసిరకం వద్దు. మధ్యలో మొరాయించి పదిమందిలో నా పరువు తీసేది అసలే వద్దు. ఖరీదు గురించి బెంగపడకండి, ఆర్విల్ పడవ అమ్మేశాను. ఆ పడవలో ఆయన పట్టిన చేపల కంటే దాని గురించి నేను విన్న కోతలే ఎక్కువ.

ఇట్లు,
లియోనా డీట్రిక్

తా.క. మీ ఊళ్ళో మాంసం మీద తియ్యటి సాస్ గుమ్మరిస్తారని విన్నాను. దాన్ని బట్టి మీ సలహాని తక్కువగా చూడనని మాట ఇస్తున్నాను.

మరో తా.క. వాగవతల ఉండే హాలిస్ ప్రూయెట్ శనివారం శనివారం ఏవో తగలబెడుతున్నాడు. సీడర్ పొదలు కొట్టించి కాలుస్తున్నట్టున్నాడు. నేను ఆరేసిన దుప్పట్లన్నీ కంపు. మీ దగ్గర దానికేమైనా మందుందా?

*

కాన్సస్ సిటీ
మార్చి మూడో వారం

గౌరవనీయులైన డీట్రిక్ గారికి,

మీ ఉత్తరం అందింది. మా దుకాణానికి కాగితం మీద వచ్చేవన్నీ నా బల్ల మీదికే వస్తాయి. ఈ ఏడాది వచ్చినవి మీ ఉత్తరమూ, చిరునామా తప్పిన ఒక పెళ్ళిపిలుపూ. రెంటికీ జవాబు రాశాను.

పొగపెట్టె కొనేటప్పుడు పై రంగూ, మెరుపూ చూడకండి. తలుపు ఎత్తి చూడాలి. గోడ ఒంటిరేకుదైతే మీ ఊరి గాలికి వేడి ఆగదు. రెండు పొరల ఉక్కుగోడ ఉండాలి. గుళికలను మంటలోకి తోసే మరచుట్టు గట్టిదై ఉండాలి, అది ఇరుక్కుంటే ఎంత గొప్ప పెట్టె అయినా బీరువాతో సమానం. వేడిని పెంచీ తగ్గించీ చూసుకునే లోపలి యంత్రం మంచిదైతే మీరు చర్చికి వెళ్ళి వచ్చినా లోపల వేడి వెళ్ళేటప్పుడు ఎంతో వచ్చేటప్పుడూ అంతే ఉంటుంది. గుళికల తొట్టి పెద్దదై ఉంటే రోజంతా మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు. వీటితో పాటు, పాడైతే ఫోన్ ఎత్తే కంపెనీదై ఉండాలి. మా ఫోన్ గురించి మీరు రాశాక ఈ మాట చెప్పడానికి మొహమాటంగా ఉంది.

ఒక్క సంగతి తెలిస్తే సరైనది చెప్పగలను. మామూలుగా ఎంతమందికి వండుతారు?

మీ విధేయుడు,
డెల్బర్ట్ నూనన్
ఉత్తరాల విభాగం (నేనొక్కణ్ణే)

తా.క. మేం సాస్ గుమ్మరించం, పూస్తాం.

మరో తా.క. దుప్పట్లు జాడించే నీళ్ళలో కొంచెం వెనిగర్ పోయండి. మా అమ్మ అలాగే చేసేది.

*

కాటన్‌వుడ్ క్రాసింగ్
మార్చి చివర

నూనన్ గారికి, లియోనా డీట్రిక్ రాసేది,

వెనిగర్ పనిచేసింది. ఇప్పుడు దుప్పట్లు పొగ కంపు బదులు పచ్చడి కంపు కొడుతున్నాయి. అయినా మీ అమ్మగారికి నా కృతజ్ఞతలు.

ఎంతమందికి అని అడిగారు. నాకేం తెలుసు? చూసినవాళ్ళు వస్తారు. ఒక్కోసారి నలుగురు, ఒక్కోసారి మెథడిస్టు చర్చి మొత్తం. మేం ఎవరినీ పిలవం, వాళ్ళూ చెప్పి రారు. వస్తారు, తింటారు, చుక్కల బిళ్ళలతో డొమినోలు ఆడతారు, వెళ్ళిపోతారు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోం. ఒకాయనైతే ప్రతిసారీ కంచె దగ్గర నిలబడి, "ఇటేపు పోతూ ఆగాను" అనేవాడు. మా ఇల్లు దాటితే రోడ్డే లేదు. తిన్నంతసేపూ "బాగుంది" అన్న మాట ఒక్కటే అనేవాడు, అదీ వెళ్ళేటప్పుడు.

లెక్క మీరే వేసుకోండి.

లియోనా డీట్రిక్

తా.క. పూసినా గుమ్మరించినా మాంసం ఏడుపు ఒకటే.

*

కాన్సస్ సిటీ
ఏప్రిల్ మొదట్లో

గౌరవనీయులైన డీట్రిక్ గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివి, మా మేనేజరు గారికి కూడా చూపించాను. మీరు నడుపుతున్నది హోటల్ అని మాకు అర్థమైంది. ఇంటి వాడకానికి ఇచ్చే వారంటీ హోటల్‌కి చెల్లదు. చక్రాల బండి మీద బిగించిన పెద్ద రకం ఒకటి ఉంది, దాంట్లో ఒక దూడ మొత్తం పడుతుంది. దాన్ని తేవాలంటే మీ గేటు వెడల్పు రాసి పంపాలి. మీ జిల్లా ఆరోగ్యశాఖ అనుమతి కూడా తీసుకోవలసి ఉంటుంది.

తిని ఏమీ ఇవ్వకుండా వెళ్ళిపోయేవాళ్ళ గురించి పోలీసులకి చెప్పడం మంచిదని మేనేజరు గారి అభిప్రాయం. ముఖ్యంగా ఆ "ఇటేపు పోతూ ఆగాను" అనే మనిషి. అలాంటివాళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారు.

మీ విధేయుడు,
డెల్బర్ట్ నూనన్

తా.క. వెనిగర్ కొంచెమే పోయమన్నాను.

*

కాటన్‌వుడ్ క్రాసింగ్
ఏప్రిల్

నూనన్ గారికి,

హోటలా? మీ మేనేజరు గారి తల మీద ఎవరైనా చల్లటి నీళ్ళు పొయ్యండి. ఇది ఇల్లు. మా పెరడు. వచ్చేవాళ్ళు మావాళ్ళు. పోలీసులకి చెప్పాలట! మా షెరీఫే మారు వడ్డనకి కంచం పట్టుకుని నిలబడేవాడు.

నాకు దూడ పట్టే బండి వద్దు. రెండు రొమ్ముముక్కలు పక్కపక్కన పడితే చాలు. రెండు పొరల గోడ ఉన్నదీ, మరచుట్టు గట్టిగా ఉన్నదీ, పెద్ద తొట్టి ఉన్నదీ, మీరు మీ అమ్మకి కొనిపెట్టేదైతే ఏది కొంటారో అది పంపండి. చెక్కు జతచేశాను.

లియోనా డీట్రిక్

తా.క. హాలిస్ ప్రూయెట్ ఈ శనివారం కూడా తగలబెట్టాడు. ఈసారి టైరు పడిందేమో అన్నంత ఘోరంగా ఉంది. అంత మంచి మనిషికి ఏం రోగమొచ్చిందో. ఆర్విల్ ఉండగా వాళ్ళిద్దరూ డొమినోల్లో ఒక జట్టు. ఇప్పుడు వాగు దాటి ఒక్కసారి కూడా రాలేదు.

*

కాన్సస్ సిటీ
ఏప్రిల్ చివర

గౌరవనీయులైన డీట్రిక్ గారికి,

క్షమించాలి. మా అమ్మకి కొనేదే పంపించాను. మా దుకాణంలో అంతకంటే నమ్మకమైనది లేదు. గుళికలు తడవనివ్వకండి, ఉబ్బి మరచుట్టుకి అడ్డం పడతాయి. బూడిద ఎప్పటికప్పుడు తీసేయండి. మొదటిసారి మాంసం లేకుండా ఉత్తినే వేడి చేయండి. ఆ తర్వాత అది మీకు ఏ పనీ చెప్పదు.

డెల్బర్ట్ నూనన్

తా.క. ఈ ఉత్తరం మేనేజరు గారికి చూపించలేదు.

*

కాటన్‌వుడ్ క్రాసింగ్
మే

డెల్బర్ట్ బాబుకి,

బాబూ అన్నానని ఏమీ అనుకోకు. కోపంగా ఉన్నప్పుడు నాకు "గారూ" అనడం రాదు.

నీ పెట్టె వచ్చింది. చూడముచ్చటగా ఉంది. శనివారం తెల్లారగానే రొమ్ముముక్కకి ఉప్పూ మిరియాలూ పట్టించి లోపల పెట్టాను. కంచె వెంబడి కుర్చీలు వేశాను. చల్లటి టీ రెండు కూజాలు చేశాను. అరటిపండు పుడ్డింగు చేశాను. డొమినోలు తుడిచి బల్ల మీద పెట్టాను. పెట్టుకుని పెకాన్ చెట్టు కింద కూర్చున్నాను.

పొగ ఏదీ?

దాని పొగగొట్టం మీద చెయ్యి పెట్టి చూస్తే వేడి తగులుతోంది. వంగి చూస్తే ఏదో నీలంగా, బట్టతల మీద వెంట్రుకలా ఒక పోగు కనిపించినట్టయింది, అంతలోనే అదీ లేదు. మధ్యాహ్నం దాటింది. ఎవరూ రాలేదు. వాగవతల హాలిస్ చెత్తకి మాత్రం మేఘాలకి మేఘాలు పొగ.

మాంసం కత్తి పెట్టకుండానే విడిపోయింది. ఆర్విల్ వండినదానికి ఏమాత్రం తీసిపోదు, ఆ మాట ఆయన వింటే పడవ కొన్నప్పటి గొడవ మళ్ళీ మొదలయ్యేది. అంత బాగా కుదిరింది కాబట్టే నాకింత బాధ. ఒక్కదాన్నే తిన్నాను. మిగతాది ఫ్రీజర్లో పెట్టాను.

పొగపెట్టె అని పేరు పెట్టి పొగ రానిది అమ్మావు. కూయని కోడిపుంజుని పెంచుకుని నేనేం చేసుకోను? దీనికేం చేయాలో వెంటనే రాయి.

లియోనా డీట్రిక్

తా.క. పుడ్డింగు మొత్తం నేనే తిన్నాను. దానికి కూడా నీదే బాధ్యత.

*

కాన్సస్ సిటీ
మే

గౌరవనీయులైన డీట్రిక్ గారికి,

మీ ఫిర్యాదు చదివి మొదట నాకు గర్వం కలిగిందని చెబితే కోప్పడకండి. మీరు చూసిన ఆ నీలం పోగు కోసమే మంచి వంటవాళ్ళు జీవితమంతా తంటాలు పడతారు. నిప్పు శుభ్రంగా మండితే పొగ కంటికి కనిపించదు, నాలిక్కి మాత్రం తెలుస్తుంది. దట్టమైన తెల్లపొగ వచ్చిందంటే మాంసం చేదెక్కుతుంది. పొగ కనిపించకుండా చేయడానికి ఈ పెట్టె చేసినవాళ్ళు ఎన్నో ఏళ్ళు కష్టపడ్డారు.

అయినా మీ తృప్తి కోసం లోపలి యంత్రం కొత్తది పంపుతున్నాను. మీటని "ఎక్కువ పొగ" వైపు తిప్పి చూడండి. అప్పటికీ కనిపించకపోతే, అడగవచ్చో లేదో గాని, మీరు కళ్ళజోడు మార్పించి ఎంతకాలమైంది?

ఇంకొక అనుమానం. మీ పొరుగాయన పొగ అంత దట్టంగా ఉంటే దాని ముందు మీ పొగ ఆనకపోవచ్చు. అలా చెత్త కాల్చడం చట్టప్రకారం తప్పు కూడా. మీ ఊరి అగ్నిమాపక దళానికి ఒక ఫిర్యాదు రాసి పడేయండి. వాళ్ళు వచ్చి ఆపిస్తారు.

మీ శ్రేయస్సు కోరే,
డెల్బర్ట్ నూనన్

తా.క. పుడ్డింగు బాధ్యత స్వీకరించాను. ఎలా చేస్తారో రాయగలరా?

*

కాటన్‌వుడ్ క్రాసింగ్
జూన్

డెల్బర్ట్ బాబుకి,

నా కళ్ళకేం వచ్చింది? మా వంటింటి కిటికీలోంచి చూస్తే వాగవతల నిలబడ్డ హాలిస్ ప్రూయెట్ చొక్కాకి గుండీ ఊడిన సంగతి కూడా తెలుస్తుంది నాకు.

నువ్వు చెప్పినట్టే ఫైర్ చీఫ్ వోల్మర్‌కి ఫిర్యాదు రాసి పడేశాను. కొత్త యంత్రం బిగించాను. "ఎక్కువ పొగ" వైపు తిప్పాను. పోగు కాస్తా రెండు పోగులయింది. మాంసం ఇంకా బాగా కుదిరింది. ఈసారీ ఎవరూ రాలేదు. నా ఫ్రీజర్ తలుపు పడటం లేదు.

ఇంక నీతో డొంకతిరుగుడు ఎందుకు? చెప్పేస్తాను. మా దగ్గర ఎవరూ ఎవర్నీ శనివారం భోజనానికి పిలవరు. పిలిస్తే వాళ్ళు ఏదో వండి తేవాలి, రాలేకపోతే సాకు చెప్పాలి, వస్తే ఇంకో వారం తిరిగి పిలవాలి. అదంతా ఎవరికి కావాలి? పెరట్లో పొగ లేస్తే రమ్మని. లేవకపోతే ఇంటివాళ్ళని కదిలించొద్దని. అంతే. ఆర్విల్ పోయాక మా పెకాన్ చెట్ల మీద పొగ లేవలేదు, కాబట్టి మర్యాద తెలిసినవాళ్ళెవరూ రాలేదు. వాళ్ళని తప్పుపట్టను. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ వెళ్ళను.

ఫోన్ చేసి పిలవొచ్చు కదా అంటావు. ఎవరికని చేయను? అందరూ ఒక ఎత్తు, ఒక్క మనిషి ఒక ఎత్తు. ఆ మనిషి ఆర్విల్‌ని చివరి రోజుల్లో ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టినవాడు. పెళ్ళాం పోయి ఒంటరిగా ఉంటున్నవాడు. మొగుడు పోయిన నేను ఫోన్ చేసి, "అయ్యా, భోజనానికి రా" అన్నాననుకో, పొద్దుగూకేలోగా పోస్టాఫీసులో మా పెళ్ళికి తేదీ కూడా పెట్టేస్తారు. పొగ అయితే ఆ గొడవ లేదు. అది అందరికీ లేస్తుంది. ఎవరొచ్చినా వాళ్ళంతట వాళ్ళొచ్చినట్టే.

నాకు మాంసం ఎందుకు బాబూ? ఒంటరి ముసలిదానికి రొట్టెముక్కా సూపూ చాలు. నాకు కావలసింది పొగే. మనుషులు లేక మా పెరడు చచ్చిపోతోంది, నేనూ దాంతోపాటే.

లియోనా డీట్రిక్

తా.క. పుడ్డింగులో రహస్యమేమీ లేదు. అరటిపళ్ళు మరీ మగ్గకూడదు, తినేవాళ్ళు ఒకరికంటే ఎక్కువ ఉండాలి.

*

కాన్సస్ సిటీ
జూన్

ప్రియమైన లియోనా అమ్మకి,

నేనూ ఈసారి "గారూ" వదిలేస్తున్నాను.

మీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. మీరు మనుషుల గురించి రాస్తుంటే నేను మరచుట్ల గురించి రాస్తూ వచ్చాను. ఒక మాట చెబుతాను, ఎవరికీ చెప్పకండి. ఇన్నేళ్ళుగా పొగపెట్టెలు అమ్ముతున్నాను గానీ నాకు పొగపెట్టె లేదు. నేనుండేది మూడో అంతస్తులో. బాల్కనీలో నిప్పు పెట్టకూడదని గోడకి బోర్డు ఉంది. శనివారం పూట కిటికీ తీసి, ఎక్కడి నుంచైనా వాసన వస్తుందేమోనని కాసేపు నిలబడతాను. వస్తుంది. కానీ ఎవరి పెరడో తెలియదు, తెలిసినా మా ఊళ్ళో ఊరికే వెళ్తే బాగుండదు.

మీ సంగతికి వద్దాం. పొగపెట్టెని దాని మానాన వదిలేయండి, అది మారదు. ఆర్విల్ గారి పాత పొగపొయ్యి ఇంకా ఉంది కదా? వంట కొత్తదాంట్లో చేయండి. పాతదాంట్లో మాంసం పెట్టకండి, కొంచెం నిప్పు వేసి, పైన ఒక గుప్పెడు తడి ఆకులు వేయండి. గుప్పెడే. మాంసం చెడదు, కబురు అందుతుంది.

ఈ సలహాకి మా దుకాణంతో సంబంధం లేదు.

మీ డెల్బర్ట్

తా.క. ఆ గుండీ పైనుంచి ఎన్నోదో అడగబోయి, పొరుగూరి వ్యవహారం నాకెందుకని మానేశాను.

*

కాటన్‌వుడ్ క్రాసింగ్
జూలై

నా బంగారు తండ్రి డెల్బర్ట్‌కి,

తీరిగ్గా కూర్చుని చదువు. నిలబడి చదివితే పడిపోతావు.

పోయిన శనివారం నీ పెట్టెలో రొమ్ముముక్క పెట్టి, ఆర్విల్ పొయ్యిలో నిప్పు వేశాను. గుప్పెడు ఆకులు వేశాను. పొగ కంచె దాటలేదు. ఇంకో గుప్పెడు వేశాను. ఇన్నాళ్ళు ఆగినదాన్ని, గుప్పెళ్ళు లెక్కపెట్టే ఓపిక నాకెక్కడిది? చక్రాలబండి నిండా తడి ఆకులు, పైన కొట్టంలో నానిపోయిన ఎండుగడ్డి మోపు తెచ్చి దాంట్లో కుక్కి తలుపు వేశాను.

అప్పుడొచ్చింది నాయనా పొగ. పెకాన్ చెట్లు మాయమైపోయాయి. మా ఇల్లు మాయమైపోయింది. నా చెయ్యి నాకు కనిపించలేదు. దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ, లోపల మాత్రం మహా సంతోషంగా ఉన్నాను.

మొదట వచ్చింది హాలిస్ ప్రూయెట్. రోడ్డు చుట్టి రాలేదు. నడుం లోతు నీళ్ళలో వాగుకి అడ్డంపడి, తడిసిన దుప్పటి ఒకటి భుజాన వేసుకుని, "లియోనా! ఎక్కడున్నావ్? లియోనా!" అని అరుచుకుంటూ వచ్చాడు. ఆ మనిషి నోట అన్ని మాటలు ఒకేసారి రావడం నేనెప్పుడూ వినలేదు. పొగలో నేను తగలగానే ఆ దుప్పటి నాకు చుట్టబెట్టి ఎత్తబోయాడు.

"నన్నెక్కడికి ఎత్తుకుపోతావ్? వంట చేస్తున్నాను!" అన్నాను.

"వంటా? కొంప తగలబడుతుంటే వంటేంటి?"

ఇంతలో ఫైరింజను కంచె విరగ్గొట్టుకుని లోపలికి వచ్చింది. వెనక షెరీఫు, ఆ వెనక మెథడిస్టు చర్చి సగం. గొట్టం విప్పి నీళ్ళు కొట్టారు. ఆర్విల్ పొయ్యి మీద కొట్టారు, నీ పెట్టె మీద కొట్టారు, పుడ్డింగు మీద కొట్టారు. పొగ తగ్గాక చూస్తే, నీ పెట్టె దాని పాటికది నీళ్ళు కారుతూనే గుళికలు తింటోంది. లోపల వేడి ఒక్క డిగ్రీ కూడా కదల్లేదు. ఆ పెట్టె చేసినవాళ్ళకి నా తరఫున దండం పెట్టు.

చీఫ్ వోల్మర్ టోపీ తీసి పిండుకుంటూ హాలిస్‌ని చూశాడు.

"నువ్విక్కడే దొరికావు, మంచిదైంది. నీ మీదో ఫిర్యాదు వచ్చిందయ్యా. శనివారం శనివారం చెత్త తగలబెడుతున్నావట."

ఎవరిచ్చారో చెప్పొద్దని కళ్ళతో బతిమాలాను. కళ్ళల్లో ఇంకా పొగే ఉంది, ఆయనకేం అర్థం కాలేదు.

"చెత్తేంటి? నేనెప్పుడు కాల్చాను?" అన్నాడు హాలిస్.

"మరి ఆ పొగేంటి? సీడర్ పొదలా?"

హాలిస్ నేల చూశాడు. తన బూట్లలోంచి కారుతున్న నీళ్ళు చూశాడు. చివరికి నన్ను చూశాడు.

"రొమ్ముముక్క," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు డెల్బర్ట్, మొదట. తర్వాత గొట్టం పట్టుకున్న కుర్రాడికి నవ్వాగక గొట్టం తిరిగిపోయి షెరీఫు తడిసిపోయాడు. అప్పుడిక అందరూ నవ్వారు, నేనూ హాలిసూ తప్ప.

"ఆర్విల్ చేస్తుంటే అన్నేళ్ళు చూశాను కదా, వచ్చేస్తుందనుకున్నాను," అన్నాడు హాలిస్, ఎవరికీ వినపడకుండా నాతో. "చూస్తే వచ్చేది కాదది. ప్రతివారం బొగ్గయిపోయింది. అయినా నాకు పొగ చాలు కదా అనుకున్నాను."

"పొగ దేనికి?"

"నువ్వొస్తావని."

"నేనా? ఎక్కడికి?"

"మా ఇంటికి. మీ పెరట్లో పొగ లేదు, ఎలా వచ్చేది నేను? మా పెరట్లో ఉంది కదా, నువ్వొస్తావనుకున్నాను. కుర్చీలు వేసేవాణ్ణి. నువ్వు బయటికొచ్చి, ఇటు చూసి, దుప్పట్లు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేదానివి."

బాబూ, నేనేం చెప్పను? పెళ్ళయిన నాటి నుంచీ పొగ లేచిన ఇంట్లోనే ఉన్నాను నేను. జనం మా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఇంకొకరి పొగ చూసి లేచి వెళ్ళవలసిన అవసరం నాకెప్పుడూ పడలేదు, అది రమ్మనడం అని నాకు తట్టనే లేదు. ఇన్నాళ్ళూ ఆ మనిషి ప్రతి శనివారం నన్ను భోజనానికి పిలిచాడు, నేను ప్రతి శనివారం వెనిగర్‌తో దుప్పట్లు ఉతుక్కున్నాను. చాలక ఫిర్యాదు కూడా రాశాను. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పటికప్పుడు చుట్టుకున్న దుప్పటిలోనే మొహం పెట్టుకుని ఏడ్చేశాను.

హాలిస్ కంగారుపడిపోయి, "వెళ్తాలే. ఊరికే ఇటేపు పోతూ ఆగాను," అన్నాడు.

"వాగులోంచి ఎటేపు పోతున్నావయ్యా? కూర్చో," అన్నాను.

అందరూ కూర్చున్నారు. ఒక్క రొమ్ముముక్క అంతమందికి ఏ మూలకి? నా ఫ్రీజర్ మొత్తం నీ పెట్టెలోకి ఎక్కింది. పెరడంతా బురద, కంచె లేదు, ఫైరింజను మీద కూడా కూర్చుని తిన్నారు. బాగా పొద్దుపోయే దాకా డొమినోల చప్పుడు. ఆర్విల్ కుర్చీలో ఎవరూ కూర్చోకపోతే నేను కూర్చుని, హాలిస్ జట్టులో ఆడాను. చిత్తుగా ఓడిపోయాం. వెళ్ళేటప్పుడు "బాగుంది" అన్నాడు. ఏది బాగుందో నేను అడగలేదు.

ఇప్పుడు పని మీద రాస్తున్నాను. హాలిస్‌కి కూడా ఒక పొగపెట్టె కావాలి. నాకిచ్చినలాంటిదే. పొగ ఎంత తక్కువ వస్తే అంత మంచిది, మా ఇద్దరికీ ఇక దాంతో పని లేదు. ఒక శనివారం ఇక్కడ, ఒక శనివారం అక్కడ అని ఊరికంతటికీ తెలిసిపోయింది. పోస్టాఫీసులో తేదీ పెట్టేశారట, పెట్టుకోనీ.

అయితే ఆ పెట్టెని లారీలో పంపకు. నువ్వే తీసుకురా. నీ కిటికీ దగ్గర నిలబడితే మా పొగ కనిపించదు, నీ ముక్కుకి అందదు. మా దగ్గర నోటితో పిలవడం మర్యాద కాదని చెప్పాను కదా. అందుకని ఈ ఉత్తరాన్నే మా పెకాన్ చెట్ల మీద లేచిన పొగ అనుకో. చూశావు కాబట్టి వచ్చేయాలి. కుర్చీ వేసి ఉంచుతాను.

ఎదురుచూస్తూ,
నీ లియోనా

తా.క. సాస్ సీసా తెచ్చుకుంటే నీ బండిలోనే ఉంచుకో. ఎవరూ చూడనప్పుడు పూసుకో.

మరో తా.క. ఆ గుండీ పైనుంచి మూడోది. కుట్టేశాను.